కుదుళ్లకు వంకాయ, కొసలకు పాలకూర

ఒక ఆడమనిషి తల మీద రెండు గంటల్ల మూడు రకాల కూరగాయలు పండించిన మనిషిని మీరు ఎన్నడన్న చూసిండ్రా? చూడకుంటె కోరుట్లకు రాండ్రి. మా దుకాన్ల కుర్చీ ఏసి కూసుండబెడ్త, ఛాయ పోస్త, నిమ్మలంగ నన్ను చూసి పోండ్రి. విత్తనం ఎయ్యలె, నీళ్లు పారియ్యలె, ఎరువు ఊసే లేదు. అయినా కుదుళ్లకు వంకాయ, నడుమ క్యారెటు, కొసలకు పాలకూర, పంట విరగ పండింది. ఇయ్యాల నవ్వుకుంట చెప్తున్న గని ఆ దినం నేను నవ్వలె. ఆ తల గల మనిషైతె అసలే నవ్వలె.

నేను రంగుల జోలికి ఎట్ల పోయిన్నో ముందు చెప్త. నా పేరు రమ, పుట్టింది సిరిసిల్లల. మా బాపు అక్కడ రంగుల కార్ఖానల ముప్పై ఏండ్లు నూలు చుట్టలకు, మేం లడిలంటం, రంగు అద్దిండు. సిరిసిల్ల అంటె సాంచెల చప్పుడు. మరమగ్గాలను మేం సాంచెలంటం. పొద్దుమాపు టకటక టకటక నడుస్తనే ఉండేటియి. ఒక ఏడు బట్టకు గిరాకి లేదని వారానికి మూడు దినాలే నడిపిండ్రు. తర్వాత ఒక్క దినం. తర్వాత ఊరంత గప్‌చుప్. సాంచె నడువకుంటె నూలెందుకు, నూలు లేకుంటె రంగెందుకు? బాపు పనిచేసే కార్ఖానకు తాళం పడ్డది. మా అన్న పెండ్లాం పిల్లలను తీస్కొని సాంచెల పనికి భీవండి పోయిండు. పిల్లలను అర్సుకునేతందుకు మా అమ్మ గూడ ఎంట పోయింది. బాపు మాత్రం పోనన్నడు. ఒక సంచిల రెండు ధోతులు, ఒక దుప్పటి పెట్టుకొని కోరుట్లల ఉన్న నా దగ్గరికి వచ్చిండు.

నా ఇల్లు గూడ ఏం వెలిగిపోతలేదు. మా ఆయన దుబాయిల తాపీ పనికి పోయిండు. అక్కడ కంపెనీ ఆర్నెల్ల సంది జీతం ఆపింది. తిండి పెడ్తున్నరు, పండుకొనిస్తున్నరు, అంతే. ఫోను చేస్తె "వస్తది, వస్తది" అంటడు. నేను బీడీలు చుట్టి ఇల్లు నడిపిన. చేతి ఏళ్లు కొంకర్లు పోయినంక, ఇట్లయితె కాదని జగిత్యాలల మూడు నెలల బ్యూటీషియన్ కోర్సుకు పోయిన. తెల్లారి బస్సుకు పోవుడు, పొద్దుగూకె బస్సుకు వచ్చుడు. సర్టిఫికెటు చేతికి రాంగనే అద్దం కట్టించి దేవుని పటం పక్కన మేకు కొట్టిన. దేవునికి ఒక్క అగరుబత్తి, సర్టిఫికెటుకు రెండు. ఇంటి ముందటర్రల ఒక కుర్చి, ఒక అద్దం, అడ్డానికి ఒక తెర. రమ బ్యూటీ పార్లర్ తయారు.

ఆ సర్టిఫికెటు నా తలకు ఎంత ఎక్కిందో మీకు ఒక్క ముచ్చట చెప్తె తెలుస్తది. బాపుకు గుమ్మం దగ్గర కూసుండుడు అలవాటు. ముప్పై ఏండ్ల రంగు ఆయన గోర్లల్ల ఇంకిపోయింది. ఒక గోరు నీలం, ఒక గోరు పచ్చ, అరచేతి గీతలల్ల ఎరుపు. గా చేతులు చూసి గిరాకి బెదురుతదని నాకు భయం. ఒకనాడు చెప్పిన, "బాపూ, ఆడోళ్లు వస్తరు గదా, నువ్వు ఎనుక అర్రల కూసో" అని. ఆయన ముక్కాలిపీట చంకల పెట్టుకొని ఎనుకకు పోయిండు. అట్ల నాలుగు నెలలు ఎనుకనే కూసున్నడు. అన్నం పెడ్తె తింటడు, పిలిస్తె "ఊఁ" అంటడు. దినానికి నాలుగు మాటలు మాట్లాడితె గొప్ప.

అసలు కథకు ఇప్పుడు వస్త.

ఒకనాడు పొద్దుగాల్నే ఇబ్రహీంపట్నం దిక్కుకెళ్లి ఒకామె వచ్చింది. పేరు రాజవ్వ. గీత కార్మికుల ఇల్లు. పెనిమిటి తాడిచెట్టు మీదికెళ్లి పడి నడుము ఇరిగి రెండేండ్లాయె, మంచంలనే ఉన్నడు. ఈమె పసుపు చేన్ల కూలికి పోతది. వంద మంది కూడిన కాడ వంట చెయ్యమంటె ఒక్కతే చేసి పెడ్తది. కువైట్ల ఒక ఇంట్ల వంట పని ఉన్నదని జగిత్యాల ఏజెంటు చెప్పిండట. మనుషులను ఏరేతందుకు ఒక మేడం వస్తదట. పోయిన నెల పోతె ఆ మేడం ఈమె తల చూసి, ముసలామె అక్కడ రోగం తెచ్చుకుంటదని ఎనుకకు పంపిందట. రాజవ్వకు ఉన్నయి నలభై ఐదేండ్లే. మల్ల రేపు పది గంటలకు రమ్మన్నరు.

"నల్లరంగు పామి పోదామంటె ఏజెంటు వద్దన్నడు బిడ్డా. నిన్న పామినట్టు కొడ్తె మేడం కనిపెడ్తదట. పుట్టుకతోనే ఉన్నట్టు కావాలె."

అని కొప్పు ఇప్పింది. నేను ఎనుకకు జరిగి చూసిన. పెనిమిటి పడ్డంక ఆమె తల ముచ్చట మర్చిపోయింది, కుదుళ్లకాడ జానెడు తెలుపు. అంతకుముందు ఎవలో పెట్టిన గోరింటాకు, నడుమంత ఎరుపు. ఇంకా ముందు ఆధారు కార్డు ఫోటో కొరకు పెట్టుకున్న నల్లపొడి, కొసలు బొగ్గు. అంటె నా చెయ్యి పడకముందే ఆ తల మూడు వాటాలైంది. తెలుపు ఆగిన కాడ ఎరుపు, ఎరుపు ఆగిన కాడ నలుపు, నడుమ చేనుకు గెట్టు పెట్టినట్టు గీతలు. ఆ గెట్లు చెరిపి, కుదుళ్లకెళ్లి కొసల దాక ఒక్క తీరుగ కలపాలె.

తెలిసినామె అయితె అక్కడనే చేతులు జోడించి, నాతోని కాదమ్మా అని చెప్తది. నేను నవ్విన. గోడ మీది సర్టిఫికెటు దిక్కు ఒకపారి చూసి, ఆమె గూడ చూసిందా లేదా అని చూసి, "గిసుంటియి మస్తు చేసిన పెద్దమ్మా" అన్న.

నిజం మీతోని చెప్పుకుంట. నేను అప్పటికి చేసినయి కనుబొమ్మలు, ముఖానికి ఫేషియల్లు, ఆరుగురు అవ్వలకు నల్లరంగు. కలర్ ముచ్చట కోర్సుల ఒక్క పూట చెప్పిండ్రు, అది గూడ ప్లాస్టిక్ బొమ్మ తల మీద. కుదుళ్లకు ముదురు, కిందికి పోయేకొద్ది లేత, నడుమ గీత కనవడొద్దు అని టీచరు చెప్పింది. నా బొమ్మకు గీత కొట్టొచ్చినట్టు కనవడ్డది. బొమ్మ ఏం అనలె, నేను గూడ ఏం అనలె. ఇప్పటోళ్ల లెక్క వీడియో చూద్దామంటె నా చేతిల ఉన్నది మీటల ఫోను.

అల్మారి తెరిస్తె ముదురెరుపు బర్గండి రంగు డబ్బ ఒకటి, జుట్టుకు పెట్టే బ్లీచు పొడి పొట్లం ఒకటి ఉన్నయి. నా బుర్ర పాదరసం లెక్క ఉరికింది. తెలుపు మొండిది గదా, దానికి బర్గండి దట్టంగ పెడ్త. ఎరుపూ నలుపూ ముదురు గదా, వాటికి బ్లీచు పెట్టి లేత చేస్త. ముదురుకెళ్లి లేతకు వచ్చినట్టే ఉంటది. ఇంత మంచి ఉపాయం టీచరుకు ఎందుకు తట్టలేదా అని ఆమె మీద జాలి గూడ పడ్డ.

పొడి తల మీదనే మొదలుపెట్టిన. కుదుళ్లకు గోడకు సున్నం కొట్టినట్టు అడ్డంగ కొట్టిన. తెలుపు మొండిదని గంట సేపు ఉంచిన. కిందికి బ్లీచు పట్టించి ప్లాస్టిక్ సంచి చుట్టిన. జెరంతసేపటికి రాజవ్వ, కొసలకాడ ఎచ్చగైతున్నది బిడ్డా అన్నది. అది మందు పనిచేస్తున్న గుర్తు పెద్దమ్మా అని చెప్పిన. ఇంక జెరంతసేపటికి, పొయ్యి మీద పెట్టినట్టే ఉన్నది అన్నది. సంచి గుంజి పారేసి, బకెట్ల నీళ్లు పోసి గబగబ కడిగిన. దేవుని దయ, నెత్తి తోలుకు ఏం కాలె.

తువ్వాలతోని ఒత్తి, తువ్వాల తీసిన.

కుదుళ్లు నిగనిగలాడే వంకాయ. తెల్లెంటిక రంగును గంటసేపు తాగి తాగి ఉన్నది. నడుమ గోరింటాకు మీద బ్లీచు పడి క్యారెటు. కొసలకు ఏమైందో నాకు ఇప్పటికీ సగమే ఎరుక. ఆ నల్లపొడిల ఏం కలిపిండ్రో ఏమో, బ్లీచు తాకంగనే పాలకూర. మునుపు గెట్టు పెట్టినట్టు ఉన్న గీతలు ఇప్పుడు గోడ కట్టినట్టయినయి. దూరం నుంచి చూస్తె తలమీద అంగడి దిగినట్టున్నది.

రాజవ్వ అద్దంల చానసేపు చూసింది. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. తిడ్తె బాగుండని నేను ఎదురుచూస్తున్న.

"రేపు నేను గిట్ల పోయి కూసుంటె," అన్నది మెల్లగ, "గా మేడం నన్ను వంటకు తీస్కుంటదా, సర్కసుకు తీస్కుంటదా?"

నల్లరంగు కొడ్దామన్న. ఏజెంటు వద్దన్నడు గదా అన్నది. నెత్తికి గుడ్డ కట్టుకొని పో అన్న. పోయినపారి గుడ్డ ఇప్పి చూసిండ్రు అన్నది. ఇగ నా బుర్రల పాదరసం గడ్డకట్టింది. ఆమె చెంగుతోని కండ్లు తుడుసుకొని, మంచంల ఉన్నోడు పొద్దున బయలెల్లంగ, ఈపారి తీస్కుంటరులే అని ధైర్యం చెప్పి పంపిండు బిడ్డా అన్నది. నీళ్లు తెస్తనని చెప్పి ఎనుకకు ఉరికిన. నల్లా కింద బకెటు పెట్టి, నల్లా ఇప్పకుండనే ఏడుసుకుంట కూసున్న.

ముక్కాలిపీట మీద బాపు ఉన్నడు. ఏందన్నడు. మొత్తం చెప్పిన. అంత విని ఆయన అడిగింది ఒక్కటే ముచ్చట.

"తడిపినవా?"

"ఏంది తడుపుడు?"

"లడి. రంగు పెట్టకముందు తడిపినవా?"

"బాపూ, అది నూలు లడి కాదు. మనిషి తల."

"తల అని రంగుకు తెలుస్తదా బిడ్డా?"

నాలుగు నెలల్ల ఆయన నోట ఇన్ని మాటలు ఇనలె. ఆయన లేసిండు. ధోతి దులుపుకున్నడు. దువ్వెనకు పట్టిన ఎంటికలు పట్టుకరమ్మన్నడు. తెర ఇవతల కూసొని వాటిని వంకాయయి ఒక దిక్కు, క్యారెటుయి ఒక దిక్కు, పాలకూరయి ఒక దిక్కు కుప్పలు పెట్టిండు. తడిపి తెల్ల బట్ట మీద రాకిండు. ఏళ్ల నడుమ పెట్టి సాగదీసిండు. ఎండకు పట్టి ఒక కన్ను మూసి చూసిండు. డాక్టరు గూడ అంత నిదానంగ నాడి చూడడు.

చూసి, వరుసగ నా తప్పులు చెప్పిండు. పొడి లడి రంగుల ముంచితె మచ్చలు పడ్తయి, మొదటి తప్పు. తెల్లది కొత్త నూలు, ఊరికెనే తాగుతది, పైగా తల వేడి దగ్గర ఉంటది, దానికి అందరికంటె ఆఖర్న పెట్టాలె, నువ్వు అందరికంటె ముందు పెట్టినవు. అడ్డంగ కొట్టినవు. చిక్కగ కొట్టినవు. నాలుగు ఎంటికల మీద పెట్టి చూసుకోకుండ తలంత పామినవు. కార్ఖానల ఇసుంటి పని కొత్తగ చేరినోడు చేస్తె ఏం చేస్తుంటిమో తెలుసా అన్నడు. ఏం చేస్తుంటిరో నేను అడుగలె.

తెర ఎనుకకెళ్లి రాజవ్వ అంత ఇంటనే ఉన్నది. "అన్నా, నువ్వు లోపటికే రా," అన్నది. "నా తల ఎట్లనో పోయింది, ఇగ సిగ్గు దేనికి?"

బాపు తువ్వాల భుజం మీద సర్దుకొని లోపటికొచ్చిండు. తల వంచి నమస్కారం పెట్టిండు. రాజవ్వకా, ఆమె జుట్టుకా తెలువది.

నన్ను రంగు డబ్బలకు తోలిండు. బ్రౌను తే, గని ఎరుపు జాడ ఉండొద్దన్నడు. చింతపండు రంగుది కాదు, చింతగింజ రంగుది. బస్టాండు కాడి ఫ్యాన్సీ దుకాన్ల పోయి చింతగింజ రంగు కావాలంటె, దుకాన్‌దారు కిరాణం ఎదురుంగనే ఉన్నదమ్మా అన్నడు. ఉన్న డబ్బలన్ని గల్లా మీద పరిపిచ్చి, బొమ్మలు చూసి రెండు ఏరుకొచ్చిన.

బాపు మూడు స్టీలు గిన్నెల్ల కలిపిండు. ఒక దాంట్ల రంగు జెర గట్టిగ, ఒక దాంట్ల సగం, ఒక దాంట్ల కండిషనరు పోసి పలచగ. కుప్పలల్లకెళ్లి తీసిన ఎంటికలు ఒక్కో గిన్నెల ముంచి, గడియారం చూసి, తీసి కడిగి, ఎండల ఆరబెట్టి చూసిండు. మొదటిపారి నచ్చలె. రెండోపారి తల ఊపిండు. మూడోపారి "ఆఁ" అన్నడు. ఆ "ఆఁ" కొరకు ఒక్క పూట పట్టింది. నేను రెండుపార్లు తొందర పెట్టిన. రెండుపార్లు నా దిక్కు చూసిండు. మూడోపారి తొందర పెట్టే ధైర్యం నాకు లేకపాయె.

ఇగ మొదలైంది. చేతులు నాయి, నోరు ఆయనది. తల తడిపి పిండినం. జుట్టును సన్న సన్న పాయలు తీసినం. మొదలు కొసలు. ఆడ పాత రంగు నిండి ఉన్నది, కొత్తది మెల్లగ పడ్తదట. తర్వాత నడుమ. కుదుళ్లు ఆఖర్న, అది గూడ కొన్ని నిమిషాలే. నేను అలవాటుగ బ్రష్షు అడ్డం పెట్టిన. ఆయన నా చెయ్యి పట్టుకొని నిలువు చేసిండు.

"రంగు ఆగిన కాడ గీత అయితది బిడ్డా. ఆగకుండ దిగితె నీడ అయితది."

ముప్పై ఏండ్ల పని ఆయన నాకు ఒక్క మాటల చెప్పిండు. జగిత్యాలల మూడు నెలలు బస్సుల నిలవడి పోయి నేను నేర్వంది, మా ఎనుకర్రల ముక్కాలిపీట మీద నాలుగు నెలల సంది కూసొని ఉన్నది.

వంకాయకూ క్యారెటుకూ నడుమ గెట్టు ఉన్నకాడ పండ్లు ఎడంగ ఉన్న దువ్వెనతోని పైకెళ్లి కిందికి దువ్వమన్నడు. పై రంగు కింది రంగులకు దిగి గెట్టు చెదిరింది. కడిగినం. మల్ల పలచగ పెట్టినం. మల్ల కడిగినం. ఒక్కపారి చిక్కగ పెట్టుడు కంటె మూడుపార్లు పలచగ పెట్టుడు మేలట. నేను ఎక్కడన్న జెర తప్పితె కార్ఖానల పనోళ్లను కసిరినట్టు నన్ను కసిరిండు. ఒకపారి నా పేరు మర్చిపోయి, "ఓ మల్లేశం, కాగు కిందికి దింపు" అన్నడు. మల్లేశం ఎవలో నాకు తెలువది. గిన్నె కిందికి దింపిన.

రాజవ్వ కుర్చీల నిద్ర పోయింది. ఒక పూటంత ఎవలో తన తలను పట్టుకొని కూసునుడు, రెండేండ్లల్ల ఆమెకు దొరికిన మొదటి విశ్రాంతి అనుకుంట.

ఆఖరి కడుగుడు అయ్యేటాళ్లకు ఎండ వాలుతున్నది. నేను ట్యూబులైటు ఏసి అద్దం ముందట నిలవెట్టబోతె బాపు ఒప్పలె. ట్యూబులైటు అబద్ధం చెప్తదట. వాకిట్లకు తీస్కపోయి, ఆరినంక ఎండల చూసినం.

మీరు నమ్ముతరో లేదో, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలుస్తలేదు. కుదుళ్లకాడ చింతగింజ రంగు, కిందికి దిగి దిగి కొసలకాడ ముదురు తేనె. వంకాయ లేదు, క్యారెటు లేదు. పాలకూర ఉన్నకాడ ఎండ తళుక్కుమంటున్నది. నేను ఆమె చుట్టూ మూడు సుట్లు తిరిగిన, గీత కొరకు. కనవడలె. నుదురు దగ్గర నాలుగు తెల్లెంటికలు కనవడ్డయి. అయ్యో ఇవి మిగిలినయని బ్రష్షు అందుకోబోయిన. బాపు ఆపిండు. కావాలెనని ఇడిసిపెట్టిండట. నలభై ఐదేండ్ల మనిషికి నాలుగు తెల్లయి లేకుంటె ఎవలు నమ్ముతరన్నడు.

రాజవ్వ చిన్నద్దంల చూసుకున్నది. కొసలు ముందటికి తెచ్చుకొని చూసింది, కుదుళ్లు ఇడదీసి చూసింది. ఆఖరికి బాపు దిక్కు తిరిగి, "నేను గిట్లనే ఉంటుంటి అన్నా," అన్నది. "ఆయన పడకముందు."

తెల్లారి ఆమె ఎంట నేను గూడ జగిత్యాలకు బస్సెక్కిన. ఏజెంటు ఆఫీసుల పదిమందికి పైననే ఆడోళ్లు బెంచీల మీద ఉన్నరు. అందరి తలలు నిన్ననే బూటుపాలిషు పెట్టినట్టు నల్లగ మెరుస్తున్నయి. ఏజెంటు మా దిక్కు వచ్చి, రాజవ్వకు కుర్చి ఏసి, మీరు ఎవలి తరఫున వచ్చిండ్రు మేడం అని అడిగిండు. రాజవ్వ తన పేరు చెప్పింది. ఆయన చేతిల కాయిదం చూసిండు, ఆమెను చూసిండు, మల్ల కాయిదం చూసిండు.

లోపట మేడం వయసు అడిగింది. నలభై ఐదని రాజవ్వ ఉన్నదే చెప్పింది. మేడం నవ్వి, తక్కువ చెప్పుకునేటోళ్లను చూసిన గని ఎక్కువ చెప్పుకునేటామెను ఇప్పుడే చూస్తున్న అన్నది. వంద మందికి వంట చేస్తవా అంటె, రాజవ్వ ఎన్ని సేర్ల బియ్యానికి ఎన్ని నీళ్లో, కారం ఎంతో, వరుసగ చదివింది. పని ఖాయమైంది. నేను తలుపు కాడ నిలవడి అంత ఇంటనే ఉన్న.

అప్పుడు మేడం అడిగింది, గీ జుట్టు ఏ పట్నంల చేయించినవని. ఇగ నా వంతు వచ్చింది. కొంగు సర్దుకున్న. మెడ నిలవెట్టిన. ఒక అడుగు లోపటికి ఏసిన, చూపెడ్తె మంచిగ కనవడాలె గదా.

"కోరుట్లల మేడం. మా అన్న చేసిండు," అన్నది రాజవ్వ. "సిరిసిల్ల రంగుల మేస్త్రి. గీ పిల్ల ఆయన బిడ్డ, గిన్నెలు అందిచ్చింది."

ఏసిన అడుగు మెల్లగ ఎనుకకు తీస్కున్న.

ఆ వారం తిరగకుండనే బెంచి మీది బూటుపాలిషు తలలు మా గుమ్మం ముందుకొచ్చినయి. ఒక్కరు గూడ రమ ఉన్నదా అని అడుగలె. అన్న ఉన్నడా, మేస్త్రి ఉన్నడా అని అడిగిండ్రు. ముత్యంపేటకెళ్లి వచ్చిండ్రు, మల్లాపూర్‌కెళ్లి వచ్చిండ్రు, ఆఖరికి ముస్తాబాద్‌కెళ్లి రెండు ఆటోలు ఒక బస్సు మారి ఒకామె వచ్చింది. బాపు ముక్కాలిపీట గుమ్మం ముందటికే వచ్చింది. నేనే మోసుకొచ్చి ఏసిన, ఏసి తప్పు ఒప్పుకున్న. ఆయన ఏం పట్టిచ్చుకోలె, రంగు గిన్నెలు కడిగినవా అని అడిగిండు. గిరాకి వచ్చినోళ్లు ఆయన గోర్లు చూసి బెదురుతరనుకున్న గదా? చూసి, ఈయననే మేస్త్రి అని గుర్తుపట్టేటోళ్లు. ఏడాదికి పక్కర్ర గూడ కిరాయికి తీస్కున్నం. దుబాయిల ఉన్న మా ఆయనకు, జీతం వచ్చినా రాకున్నా మర్లిరా అని ఫోను చేసి చెప్పగలిగిన. వచ్చిండు. గుమ్మంల అడుగు పెట్టంగనే బాపు ఆయన నెరిసిన తల దిక్కు చూసి, జెర తడుపు బిడ్డా అన్నడు.

రెండేండ్లకు రాజవ్వ సెలవు మీద వచ్చింది. పెనిమిటికి ఆపరేషను చేయించింది, ఆయన కట్టె పట్టుకొని నడుస్తున్నడని చెప్పింది. ఖర్జూరం డబ్బ చేతిల ఉన్నది, గని నాకు ఇయ్యలె. అన్న ఏడి అన్నది. సాంచెలు మల్ల నడుస్తున్నయట, చూసొస్త అని సిరిసిల్ల పోయిండు, సాయంత్రం బస్సుకు వస్తడు అన్న. డబ్బ ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

కువైట్ల ఆమె ఇప్పుడు వంట సగమే చేస్తదట. ఆ ఇంటామె ఒకనాడు ఈమె జుట్టును చూసి అడిగిందట. మా బాపు చెప్పినయన్ని ఆనాడు ఈమె కుర్చీల నిద్రపోయినట్టు నటించుకుంట ఇన్నదట. తడిపి, కొసలు ముందు పెట్టి, నిలువు దువ్వి ఆమెకు రంగేసిందట. ఇంటామె చెల్లెండ్లు, ఆడిబిడ్డలు, పక్కింటోళ్లు, ఇగ అందరు వరుస కట్టిండ్రట. జీతం పెంచిండ్రట.

మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆమె కొప్పు దిక్కు చూసిన. ప్రయాణంల తీరిక లేక కుదుళ్లకాడ ఒక్క ఏలు మందం తెలుపు వచ్చింది. నాకు చేతులు దురద పెట్టినయి. ఈ రెండేండ్లల్ల నేను గూడ ఎన్నో తలలు చేసిన గదా. కూసో పెద్దమ్మా, బాపు వచ్చేలోపట నేను ఏస్త అన్న.

ఆమె నా దిక్కు చూసింది. ఆ చూపుల వంకాయ ఉన్నది, క్యారెటు ఉన్నది, పాలకూర ఉన్నది.

"అయితె ఒట్టెయ్. నాలుగెంటికల మీద చూడకుండ, తడుపకుండ, రంగు ముట్టనని ఒట్టెయ్."

ఒట్టే గదా అని, ఆమె తల మీద పెట్టేతందుకు చెయ్యి చాపిన. రాజవ్వ కుర్చితోని సహా ఎనుకకు జరిగింది.

"నా తల మీద కాదు బిడ్డా. నీ తల మీద ఏస్కో."

ఏస్కున్న. కుడి చెయ్యి నా నడినెత్తి మీద పెట్టుకొని, సర్టిఫికెటు సాక్షిగ, మీరందరు సాక్షిగ చెప్తున్న. పొడి తల మీద రంగు పెట్టను. బ్రష్షు అడ్డం తిప్పను. ఎచ్చగైతున్నదని ఎవలన్న అంటె అది మందు గుణమని చెప్పను. తెలువని పనిని మస్తు చేసిన అని ఈ జన్మల అనను.

అంత మంచిగ ఒట్టేసినంక గూడ రాజవ్వ తల ముట్టనియ్యలె. బాపు బస్సు దిగేదాక ఇద్దరం ఛాయ తాగుకుంట కూసున్నం.